240డీ బెంజ్‌కు ఓఎం 617 టర్బో ఇంజన్: రైట్ హ్యాండ్ బండిలో ఎక్కడ తగులుతుంది, ఏమేం మార్చాలి?

తుంగభద్ర_తీరం (కర్నూలు)

అందరికీ నమస్కారం. బండి 1983 మెర్సిడెస్ 240డీ, డబ్ల్యూ 123 బాడీ, రైట్ హ్యాండ్ డ్రైవ్, నాలుగు గేర్ల మాన్యువల్, దిగుమతి బండి. ఇప్పుడున్న ఇంజన్ ఓఎం 616, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. కంప్రెషన్ పడిపోయింది, హైవే మీద ఏసీ వేస్తే ఎత్తు ఎక్కడం లేదు.

ఐదు సిలిండర్ల ఓఎం 617 టర్బో ఇంజన్ ఒకటి దొరికింది, నంబరు 617.952తో మొదలవుతుంది. లెఫ్ట్ హ్యాండ్ ఆటోమేటిక్ బండిలోంచి తీసినది. టర్బో, ఆయిల్ కూలర్, పంపు అన్నీ ఉన్నాయి. దిగుమతి బిల్లు కాపీ కూడా ఇచ్చారు. పాత గేర్‌బాక్స్ ఉంచుకుని ఈ ఇంజన్ ఎక్కించాలంటే ఏమేం మార్చాలి? పాత ఇంజన్‌కే టర్బో బిగించుకుంటే చాలు కదా అని కొందరంటున్నారు, అది పనికొస్తుందా?

పంపు_టైమింగ్ (అనంతపురం)

ముందు రెండో ప్రశ్న. 616కి టర్బో తగిలించొద్దు. బయటికి రెండూ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి గానీ 617 టర్బోలో కంపెనీ లోపల చాలా మార్చింది. పిస్టన్ కింద నుంచి ఆయిల్ చిమ్మే జెట్లు పెట్టింది, ఎగ్జాస్ట్ వాల్వుల్లో సోడియం నింపింది, ఆయిల్ పంపు పెద్దది చేసింది, క్రాంక్‌ను నైట్రైడింగ్‌తో గట్టిపరిచింది. పిస్టన్లు కూడా వేరు. ఇవేవీ 616లో లేవు. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఇచ్చి డీజిల్ పెంచితే ముందు పిస్టన్ తల కాలుతుంది, లేదా ఎగ్జాస్ట్ వాల్వ్ పోతుంది. డీజిల్ పెంచకుండా బూస్ట్ ఒక్కటే ఇస్తే పొగ తగ్గుతుంది తప్ప పెద్దగా పికప్ రాదు.

పాత ఇంజన్‌నే బాగు చేయించుకోవాలనుకుంటే అది ఇంకో మంచి దారి. ఓఎం 616ను బజాజ్ టెంపో, అంటే ఇప్పటి ఫోర్స్ మోటార్స్, లైసెన్స్ మీద ఇక్కడే తయారు చేసింది. రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు వెతికితే దొరుకుతాయి. ఆ సౌకర్యం 617 టర్బోకు ఉండదు. ఇది లెక్కలో పెట్టుకుని నిర్ణయించుకోండి.

తేడా ఎంతంటే: 240డీ 72 హార్స్‌పవర్, 137 న్యూటన్ మీటర్లు. 617.952 అయితే 2998 సీసీ, 125 హార్స్‌పవర్, 2400 ఆర్‌పీఎం దగ్గర 250 న్యూటన్ మీటర్లు. ఘాట్‌లో మూడో గేర్‌లో నిలబడే బలం అంటే ఇదే.

కొనే ముందు ఇంజన్‌ను వేడి చేసి కంప్రెషన్ చూడండి. ఏ సిలిండరైనా 15 బార్ కంటే కింద ఉన్నా, సిలిండర్ల మధ్య తేడా 3 బార్ మించినా ఆ ఇంజన్ ఎక్కించి లాభం లేదు, ముందు ఓవర్‌హాల్ చేయాలి. డీజిల్ గేజే వాడాలి, పెట్రోల్ గేజ్ పగిలిపోతుంది.

ఆర్సీ_బుక్ (నంద్యాల)

రెంచి పట్టుకునే ముందు కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మీకు ఇంజన్ నంబరు ఒక్కటే కాదు, సిలిండర్ల సంఖ్య, సీసీ కూడా మారుతున్నాయి. ముందుగా రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఇంజన్ ఇన్‌వాయిస్, దిగుమతి బిల్లు, రెండు ఇంజన్ల వివరాలు, ఇన్సూరెన్స్ కాపీ దరఖాస్తుకు జత చేయండి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ బండిని రోడ్డు మీద తిప్పే ఆలోచన మానుకోవాలి. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. దానికంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్: ఆర్సీలోని ఇంజన్ నంబరు, బండిలోని నంబరు కలవకపోతే యాక్సిడెంట్ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ఇంకో రెండు విషయాలు. 20 ఏళ్లు దాటిన దిగుమతి కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 80,000 రూపాయలు. అంతకుముందు 40,000 ఉండేది. రెన్యువల్ దగ్గర పడి ఉంటే ఇంజన్ మార్పు, ఫిట్‌నెస్ ఏది ముందో ఆఫీసులో అడిగి వరుస పెట్టుకోండి. రెండోది, 50 ఏళ్లు నిండిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు గానీ ఇంజన్, ఛాసిస్, బాడీ మార్చకుండా ఒరిజినల్‌గా ఉండాలన్నది షరతు. మీ బండికి ఆ వయసు 2033లో వస్తుంది. అందుకని పాత 616ను తూకానికి అమ్మొద్దు. నంబరు పంచ్ మీద గ్రీజు రాసి, రంధ్రాలన్నీ మూసి దాచిపెట్టండి. ఛాసిస్ మీద ఎక్కడా కటింగ్, వెల్డింగ్ చేయొద్దు.

ఘాట్_రోడ్డు (కడప)

అసలు సంగతి ఎవురూ చెప్పలేదు. రైట్ హ్యాండ్ బండి అన్నాడు సూడండి, అదీ ముఖ్యం.

617లో డీజిల్ పంపు ఎడమ పక్క, మానిఫోల్డు, టర్బో కుడి పక్క ఉంటాయి. లెఫ్ట్ హ్యాండ్ బండిలో స్టీరింగ్ బాక్సు, బ్రేక్ బూస్టర్ ఎడమ పక్క కాబట్టి టర్బోకు చోటుంటాది. మన బండిలో స్టీరింగ్ బాక్సు, స్టీరింగ్ షాఫ్టు, బూస్టర్, మాస్టర్ సిలిండర్ అన్నీ కుడి పక్కనే. టర్బో ఎనక్కి, ఫైర్‌వాల్ దగ్గరికి వస్తాది. ఆడ్నుంచి కిందికి దిగే సైలెన్సర్ పైపు స్టీరింగ్ షాఫ్టుకూ ఇంజన్‌కూ నడాన పోవాల. దాత బండి (ఇంజన్ తీసిన బండి) పైపు మనకు పనికిరాదనే అనుకో.

కొలత తీసే పద్ధతి చెప్తా. టర్బో, మానిఫోల్డు బిగించిన ఇంజన్‌నే చైన్ బ్లాక్‌తో దింపు. మౌంటింగుల మీద కూచోబెట్టి, గేర్‌బాక్సు కూడా బిగించి, అప్పుడు చూడు. స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పు. పైపు వచ్చే చోట 65 మి.మీ. గొట్టం ముక్క పెట్టి సూడు, షాఫ్టుకు కనీసం 20, 25 మి.మీ. సందు మిగలాల. స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ ఇంజన్ పక్కకు ఒరుగుతాది, అందుకే అంత సందు. అప్పుడే పైపును మూడు నాలుగు ముక్కలుగా టాక్ వేసి (చుక్కలుగా అతికించి), ఇంజన్ బయటికి తీసి, బయట నిండా వెల్డింగ్ చేయి. బండి మీదనే వెల్డింగ్ చేసేటట్టయితే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీయాల.

బూస్టర్‌కూ టర్బోకూ మధ్య రేకు కవచం తప్పదు. ఒక్క రేకు కాదు, రెండు రేకులు, నడాన 8, 10 మి.మీ. గాలి సందు. వేడికి మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ మరిగితే పెడల్ కిందికి పోతాది. బ్రేక్ ఆయిల్ కొత్తది డాట్ 4 పోయించు. మెత్తబడిన వ్యాక్యూమ్ గొట్టాలు మార్చు. పైపుకు వేడి పట్టీ చుట్టేటప్పుడు టర్బో నుంచి స్టీరింగ్ షాఫ్టు దాటేదాకా చుట్టు, అంతకు మించి వద్దు. వాన నీళ్లు పట్టి పైపు తుప్పు పడుతుంది.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

ఘాట్ అన్నా, ఇది నాకు తట్టనే లేదు. ఒకవేళ సందు రాకపోతే స్టీరింగ్ షాఫ్ట్‌ను జాయింట్లు పెట్టి పక్కకు జరపొచ్చా?

ఘాట్_రోడ్డు (కడప)

వద్దు ప్పా. స్టీరింగ్ జోలికి పోవద్దు. గుద్దుకున్నప్పుడు ఆ షాఫ్టు ముడుచుకునే మాదిరి కంపెనీ చేసింది. సందు రాకపోతే టర్బోను ముందుకు తెచ్చే మానిఫోల్డు చేయించాల, లేదంటే ఆ ఇంజన్ వద్దు. మూడో దారి లేదు.

లేత్_మిషన్ (ఆదోని)

ఫ్లైవీల్ గురించి. ఆటోమేటిక్ ఇంజన్ కాబట్టి వెనక పల్చటి ఫ్లెక్స్ ప్లేట్ ఉంటుంది. మీకు మాన్యువల్ ఫ్లైవీల్ కావాలి. 616 ఫ్లైవీల్ ఎక్కించొచ్చు గానీ విప్పి అలాగే బిగిస్తే ఇంజన్ వణుకుతుంది. ఐదు సిలిండర్ల క్రాంక్‌ను దాని వెనక ప్లేట్‌తో కలిపి బ్యాలెన్స్ చేసి ఉంటారు. అందుకని:

విప్పే ముందే ఫ్లెక్స్ ప్లేట్‌కూ క్రాంక్‌కూ పంచ్‌తో గుర్తు పెట్టండి. ఫ్లెక్స్ ప్లేట్, 240డీ ఫ్లైవీల్ రెండూ బ్యాలెన్సింగ్ మిషన్ ఉన్న షాపుకు తీసుకెళ్లండి. ప్లేట్‌లో బరువు ఏ కోణంలో ఎంత ఎక్కువుందో చూసి ఫ్లైవీల్‌లో అదే కోణంలో అంతే ఉండేలా డ్రిల్ వేయమనండి. ఫ్లైవీల్‌ను సున్నాకు బ్యాలెన్స్ చేసి ఇస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఆపరేటర్‌కు ఈ ఒక్క ముక్క అర్థమయ్యేదాకా పక్కనే నిలబడండి. అదే షాపులో ఫ్లైవీల్‌కు క్లచ్ ఆనే ముఖం కూడా స్కిమ్ (సన్నగా చెక్కి చదును) చేయించుకోండి, కానీ ముందు స్కిమ్, తర్వాత బ్యాలెన్స్.

ఫ్లైవీల్ బోల్టులు సాగే రకం. పాతవి మళ్లీ వాడొద్దు. కొత్తవి 30 నుంచి 40 న్యూటన్ మీటర్లకు బిగించి, ఆ తర్వాత ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి.

ఆటోమేటిక్ క్రాంక్ చివర పైలట్ బేరింగ్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కును పట్టుకునే చిన్న బేరింగ్) ఉండదు, దాన్ని అందరూ మరచిపోతారు. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు 15 మి.మీ. ఉంటే 6202 బేరింగ్, రెండు వైపులా రబ్బర్ సీల్ ఉన్నది. క్రాంక్ గుంత వ్యాసం 35 మి.మీ. ఉందో లేదో బోర్ గేజ్‌తో చూసుకుని కొట్టండి. అది లేకుండా గేర్‌బాక్స్ బిగిస్తే క్లచ్ తొక్కినా గేర్ పడేటప్పుడు కరకరమంటుంది, కొన్నాళ్లకు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోతుంది.

క్లచ్: పాత ప్రెషర్ ప్లేట్‌ను 137 న్యూటన్ మీటర్లకు లెక్కేశారు. 250కి అది జారుతుంది, ముఖ్యంగా నాలుగో గేర్‌లో 2000 దగ్గర కాలు గట్టిగా నొక్కినప్పుడు. స్ప్రింగ్ బలం పెంచిన ప్రెషర్ ప్లేట్, మంచి ఆర్గానిక్ లైనింగ్ డిస్క్ చాలు. సిరామిక్ బటన్ల డిస్క్ వేయించొద్దు. ఊర్లో ట్రాఫిక్‌లో బండి ఎగిరెగిరి కదులుతుంది, గేర్‌బాక్స్‌కు మంచిది కాదు.

పంపు_టైమింగ్ (అనంతపురం)

మౌంటింగుల గురించి ఒక మాట చేర్చుతాను. గేర్‌బాక్స్ పాత చోటే ఉంటుంది, ఎక్కువైన సిలిండర్ రేడియేటర్ వైపు పెరుగుతుంది. ఇంజన్ పక్కల చేతులు 617వే వాడాలి. రబ్బరు మౌంటింగులు నాలుగు సిలిండర్లవి వేస్తే బరువుకు కుంగుతాయి, ఐదు సిలిండర్లవి తెప్పించండి. 617కు ఇంజన్ షాక్ అబ్జార్బర్లు కూడా ఉంటాయి, వాటిని వదిలేస్తే ఆపేటప్పుడు బండంతా ఊగుతుంది. ఆయిల్ చాంబర్ కింద క్రాస్ మెంబర్‌కూ స్టీరింగ్ రాడ్‌కూ తగలకుండా ఉందో లేదో కూడా ఆ కొలతలప్పుడే చూసుకోండి. ముందు స్ప్రింగులు కుంగితే 300డీ (ఇదే బాడీలో ఐదు సిలిండర్ల బండి) రకం వేయండి.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

డిఫరెన్షియల్ మార్చాలా? ఇప్పుడున్న దాని నిష్పత్తి 3.69. దాత బండి నుంచి 3.07 కూడా వస్తుందంటున్నారు.

లేత్_మిషన్ (ఆదోని)

మార్చండి. 195/70 ఆర్14 టైర్లతో 100 కి.మీ. వేగానికి 3.69 మీద ఇంజన్ దాదాపు 3200 తిరుగుతుంది. 3.07 మీద 2650. టార్క్ వచ్చేది 2400 దగ్గర కాబట్టి సరిగ్గా సరిపోతుంది. 3.69 ఉంచితే మొదటి గేర్ పనికి రాకుండా పోతుంది, హైవే మీద చెవులు హోరెత్తుతాయి.

మార్చేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక ఫ్లెక్స్ డిస్క్ బోల్టుల వ్యాసం, వాటి మధ్య దూరం రెండు డిఫరెన్షియళ్ల మీదా కొలవండి. కలవకపోతే సరైన షాఫ్ట్ వెనక భాగం వెతకండి. పినియన్ ఫ్లాంజ్ విప్పి అటుదిటు మార్చేద్దామనే ఆలోచన వద్దు. ఆ నట్ కింద నలిగే స్లీవ్ ఉంటుంది, విప్పితే బేరింగ్ ప్రీలోడ్ (ముందే పెట్టిన బిగువు) పోయి హౌసింగ్ ఊళ పెడుతుంది.

స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. అసలు వేగం 100 ఉంటే ముల్లు 83 దగ్గర ఉంటుంది. మీటర్ బాగుచేసే షాపులో కొత్త నిష్పత్తి చెప్పి సరిచేయించుకోవాలి. అప్పటిదాకా ముల్లును నమ్మి హైవే మీద తోలొద్దు.

ఘాట్_రోడ్డు (కడప)

కూలింగ్. మన ఎండలకు ఇదే ప్రాణం. మే నెలలో కర్నూల్లో 43 డిగ్రీలు, ఏసీ కండెన్సర్ దాటి రేడియేటర్‌కు చేరే గాలి ఇంకా వేడిగా ఉంటాది.

240డీ రేడియేటర్ చాలదు. 300డీ టర్బో రేడియేటర్, పక్కన నిలువుగా ఆయిల్ కూలర్, రెండూ ఒక జతగా పెట్టాల. ఆయిల్ కూలర్ లేకుండా తోలితే పిస్టన్ జెట్లకు పోయే ఆయిలే వేడి, ఇంక అది చల్లబరిచేదేముంది? పాత కూలర్ లోపల ఇనుప రజను ఉండొచ్చు. కిరోసిన్‌తో అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ కడిగించు. దాత ఇంజన్ బేరింగ్ పోయి ఆగిందని తెలిస్తే ఆ కూలర్ పారేయి, ఎంత కడిగినా రజను పోదు.

విస్కస్ ఫ్యాన్ ముట్టుకుని సూడు. వేడి ఇంజన్ ఆపినాక ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే బిగువుగా రావాల. గిరగిరా తిరిగితే లోపల సిలికాన్ ఆయిల్ కారిపోయింది. థర్మోస్టాట్ 80 డిగ్రీలది వేయి. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటాదని చెప్పేవాళ్ల మాట వినొద్దు. ఈ ఇంజన్‌లో అది తీస్తే కొంత నీళ్లు రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోనే తిరుగుతాది, వేడి ఇంకా పెరుగుతాది.

నీళ్లు: బోరు నీళ్లు పోయొద్దు. కడప, కర్నూలు, తాడిపత్రి అంతా సున్నపురాయి నేల. ఆ నీళ్లతో హెడ్ లోపల తెల్లటి పొర కట్టి వేడి బయటికి రాదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయి.

పంపు_టైమింగ్ (అనంతపురం)

ఇంజన్ స్టాండ్ మీద ఉన్నప్పుడే చేయాల్సినవి:

ట్యాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర వదిలే సందు) చల్లటి ఇంజన్ మీద ఇన్‌టేక్ 0.10 మి.మీ., ఎగ్జాస్ట్ 0.35 మి.మీ. టర్బో లేని దానికి ఎగ్జాస్ట్ 0.30. చాలామంది మెకానిక్‌లు అలవాటుగా 0.30 పెట్టేస్తారు, టర్బో ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టి 0.35 ఉండాల్సిందే. క్రాంక్‌ను ముందు పుల్లీ బోల్ట్‌తో, 27 మి.మీ. సాకెట్ వేసి తిరిగే దిశలోనే తిప్పండి. క్యామ్ బోల్ట్‌తో తిప్పితే చైన్ లాగుతుంది, బోల్ట్ వదులవుతుంది. ఫైరింగ్ ఆర్డర్ 1-2-4-5-3.

చైన్ సాగిందో లేదో అప్పుడే తెలుస్తుంది. క్యామ్ వాషర్ మీద గీత, టవర్ మీద గీత కలిపి, ముందు డ్యాంపర్ మీద డిగ్రీ చదవండి. సున్నా దగ్గర ఉండాలి. నాలుగైదు డిగ్రీలు దాటితే చైన్ మార్చడం మేలు.

పంపు టైమింగ్ 24 డిగ్రీలు, టీడీసీకి (పిస్టన్ పైకొసకు చేరే చోటుకు) ముందు. మొదటి సిలిండర్ డెలివరీ వాల్వ్ తీసి, బొట్లు పడే పద్ధతిలో చూడాలి: ధార సన్నబడి సెకనుకు ఒక బొట్టు అయ్యే చోట క్రాంక్ 24 దగ్గర ఉండాలి. డెలివరీ వాల్వ్ సీల్ వాషర్ కొత్తది వేయండి.

నాజిళ్లు టర్బోవే వాడాలి. ఓపెనింగ్ ప్రెషర్ 135 నుంచి 145 బార్. 240డీ నాజిళ్లు 115 నుంచి 125. కొలత ఒకటే కాబట్టి అవీ బిగుస్తాయి, కానీ ముందే తెరుచుకుని టకటకమని కొడతాయి, పొగ వస్తుంది. నాజిల్ కింద వేడి వాషర్లు ప్రతిసారీ కొత్తవి. 70 నుంచి 80 న్యూటన్ మీటర్లకు బిగించండి. కాలిబ్రేషన్ షాపులో ఐదూ ఒకదానికొకటి 5 బార్ లోపు కలిసేలా షిమ్ వేయించండి.

ఆయిల్ 7.5 లీటర్లు, 15డబ్ల్యూ-40 డీజిల్ గ్రేడ్. టర్బో నుంచి కిందికి దిగే ఆయిల్ గొట్టం ఎక్కడా పైకి లేవకుండా వాలుగా ఉండాలి, లేకపోతే సీల్ దాటి ఆయిల్ సైలెన్సర్‌లోకి వస్తుంది.

మొదటి స్టార్ట్: పంపు మీద స్టాప్ లీవర్ నొక్కి పట్టుకుని, ఆయిల్ గేజ్ లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి నిమిషం ఆపండి, స్టార్టర్ కాలకుండా. తర్వాత చేతి పంపుతో డీజిల్ ఎయిర్ తీసి, నాజిల్ నట్లు సగం వదులు చేసి డీజిల్ కారేదాకా కొట్టి బిగించండి. గాలి పీల్చే నోటికి సరిపడే ప్లైవుడ్ పలక పక్కన పెట్టుకోండి. పాత టర్బో సీల్ పోయి ఉంటే ఇంజన్ తన ఆయిల్ తనే తాగి పరిగెడుతుంది. అప్పుడు తాళం తీసినా ఆగదు, పలకతో మూయాలి. చేత్తో మూయొద్దు.

వైరింగ్_వ్యాక్యూమ్ (ప్రొద్దుటూరు)

హీటర్ ప్లగ్ రిలే గురించి. 240డీ రిలే నాలుగు ప్లగ్గులకు లెక్కేసింది. ఐదో వైరును ఎక్కడో ఒకచోట కలిపేస్తే కాంటాక్టులు కాలుతాయి. 617 రిలే వేయండి, లోపల 80 ఆంపియర్ల పట్టీ ఫ్యూజ్ ఉంటుంది. ఆ ఫ్యూజ్‌కు పగులు వస్తే కంటికి కనిపించదు, స్క్రూ తిప్పి చూడండి.

ఇంజన్ ఆగడం వ్యాక్యూమ్ మీద. తాళం తీయగానే స్విచ్ వెనక వాల్వ్ తెరుచుకుని పంపు మీద ఉన్న డబ్బీకి వ్యాక్యూమ్ వెళ్తుంది. డోర్ లాకులకూ అదే వ్యాక్యూమ్ కాబట్టి తలుపు దగ్గర గొట్టం చీలినా ఇంజన్ ఆగదు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

అనుమతి కాగితం వచ్చింది. ఇంజన్ ఎక్కింది, పైపుకూ స్టీరింగ్ షాఫ్టుకూ 24 మి.మీ. సందు మిగిలింది. స్టార్ట్ అయింది, ఆయిల్ ప్రెషర్ ఖాళీగా తిరిగేటప్పుడు 1 బార్, కాలు నొక్కితే 3. రెండు ఇబ్బందులు: ఒకటి, బండి పాత 240డీ కంటే కొంచెమే మేలు, ఎంత నొక్కినా పొగ కూడా రావడం లేదు. రెండు, తాళం తీశాక ఏడెనిమిది సెకన్లు తిరిగి ఆగుతోంది.

పంపు_టైమింగ్ (అనంతపురం)

పొగ కూడా లేదంటే డీజిల్ అందడం లేదు. పంపు పైన గుండ్రటి డబ్బీ ఉంటుంది, దాన్ని అల్డా అంటారు. బూస్ట్ ఎంత వచ్చిందో దానికి గాలి గొట్టం ద్వారా తెలిస్తేనే డీజిల్ పెంచుతుంది. ఆ గొట్టం మొదలయ్యేది ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక బ్యాంజో బోల్ట్ (లోపల గాలి పోయే రంధ్రం ఉన్న బోల్ట్) దగ్గర. దాని సన్నటి రంధ్రం మసితో మూసుకుపోవడం ఈ ఇంజన్లకు మామూలే. బోల్ట్ విప్పి స్ప్రే కొట్టి, సన్న తీగతో పొడిచి శుభ్రం చేయండి. మధ్యలో ఓవర్‌బూస్ట్ వాల్వ్ ఒకటి ఉంటుంది, కరెంటు సరిగ్గా లేకపోతే దారి మూసేస్తుంది. పరీక్షకు దాన్ని దాటించి వేడి తట్టుకునే గొట్టంతో నేరుగా కలిపి చూడండి. బూస్ట్ గేజ్‌ను టీ పెట్టి అక్కడే తగిలించండి. లోడ్ మీద 0.75 బార్ దగ్గరికి రావాలి.

రెండోది ఎగ్జాస్ట్ గ్యాస్ వెనక్కి పంపే ఈజీఆర్ వాల్వ్. తెరుచుకుని ఇరుక్కుపోతే బూస్ట్ అక్కడే కారిపోతుంది. అది సరిగ్గా మూసుకుంటోందో చూడండి.

అల్డా మీద స్క్రూ ఇప్పుడే తిప్పొద్దు. బూస్ట్ వచ్చాక కూడా పికప్ లేకపోతే అప్పుడు చూద్దాం, అదీ టర్బోకు ముందు మానిఫోల్డ్‌లో ఎగ్జాస్ట్ వేడి గేజ్ పెట్టాకే. ఎత్తులో 700 డిగ్రీలు దాటి నిలబడితే డీజిల్ ఎక్కువైనట్టు. ఆ గేజ్ రంధ్రం మానిఫోల్డ్ విప్పి వేయాలి, ఇంజన్ మీద వేస్తే ఇనుప రజను టర్బో చక్రంలోకి పోతుంది.

వైరింగ్_వ్యాక్యూమ్ (ప్రొద్దుటూరు)

ఆగకపోవడానికి: పంపు మీద షట్ ఆఫ్ డబ్బీ గొట్టం ఊడదీసి, చేతి వ్యాక్యూమ్ పంపుతో లాగండి. ఇంజన్ వెంటనే ఆగి, ముల్లు పడకుండా నిలిస్తే డబ్బీ మంచిది. తర్వాత డోర్ లాకుల శాఖను స్క్రూతో మూసి తాళం తీసి చూడండి. వెంటనే ఆగితే లీకు తలుపుల్లో ఉంది. అప్పటికీ ఆగకపోతే తాళం స్విచ్ వెనక వాల్వ్ పోయింది.

ఊడదీసిన గొట్టంలో ఆయిల్ చుక్క కనిపిస్తే డబ్బీ లోపలి పొర చినిగినట్టు. ఆ ఆయిల్ గొట్టాల వెంట స్విచ్ దాకా, డోర్ లాకుల దాకా పోయి అన్నిటినీ పాడుచేస్తుంది. వెంటనే మార్చండి. బ్రేక్ బూస్టర్ శాఖను విడిగా పరీక్షించండి: ఇంజన్ ఆపి అరగంట తర్వాత పెడల్ తొక్కితే మొదటి రెండు సార్లు మెత్తగా దిగాలి. దిగకపోతే చెక్ వాల్వ్.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

బ్యాంజో బోల్ట్ పూర్తిగా మూసుకుపోయి ఉంది, నల్లటి గట్టి మసి. శుభ్రం చేశాక బూస్ట్ 0.7 వచ్చింది, మూడో గేర్‌లో లాగుడు పూర్తిగా వేరు. ఆగకపోవడం వెనక ఎడమ తలుపు గొట్టం, చీలింది. ఇప్పుడు ఘాట్‌కు తీసుకెళ్లొచ్చా?

ఘాట్_రోడ్డు (కడప)

ముందు నంద్యాల దాకా పోయి రా, ఏసీ లేకుండా, 80 దాటకుండా. ఇంటికొచ్చినాక చల్లబడనిచ్చి నీళ్లు, ఆయిల్ మట్టం చూడు, పైపు క్లాంపులు, మౌంటింగ్ బోల్టులు మళ్లీ బిగించు. రెండోసారి ఏసీ వేసుకుని పో.

ఆ రెండూ బాగుంటే గువ్వలచెరువు ఘాట్. కడప నుంచి రాయచోటి పక్కకు ఎక్కేటప్పుడు లారీల ఎనక నిదానంగా పోవాల్సి వస్తాది, గాలి తగలదు, అదే అసలు పరీక్ష. రెండో గేర్‌లో ఉంచు, 2000 కంటే కిందికి పడనీయొద్దు. పెద్ద గేర్‌లో గునుస్తా ఎక్కితే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతాది, నీళ్ల పంపు కూడా నిదానంగా తిరుగుతాది. నీళ్ల ముల్లు 95 దాకా పోయి ఫ్యాన్ హోరు వినపడినాక ఆడ్నే నిలబడితే కూలింగ్ బాగున్నట్టే. 105 దాటితే ఏసీ ఆపి, లోపల హీటర్ నిండా తిప్పి, చోటు చూసి పక్కకు పెట్టు. ఇంజన్ వెంటనే ఆపొద్దు, రెండు నిమిషాలు ఖాళీగా తిరగనీ. రేడియేటర్ మూత తెరవొద్దు.

పైకి చేరినాక బానెట్ ఎత్తి బ్రేక్ మాస్టర్ సిలిండర్ మీద చెయ్యి పెట్టు. చెయ్యి నిలబెట్టలేనంత వేడిగా ఉంటే రేకు కవచం చాలలేదు. దిగేటప్పుడు బ్రేకు మీద ఆధారపడకుండా అదే రెండో గేర్‌లో రా. కవచం పెంచేదాకా మళ్లీ ఘాట్ ఎక్కొద్దు.

ఆర్సీ_బుక్ (నంద్యాల)

అనుమతి కాగితంతోనే పని అయిపోలేదు. బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించి కొత్త ఇంజన్ నంబరు, సీసీ ఆర్సీలో ఎక్కించుకోండి. ఆ కాపీతో ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఎండార్స్‌మెంట్ రాయించుకోండి. అదయ్యాకే నంద్యాల అయినా, గువ్వలచెరువు అయినా.